వెనక కాళ్లు లేని కుర్చీ

వెనక కాళ్లు లేకుండా కట్టెతో కుర్చీ చేయొచ్చన్న ఆలోచన నాకు ఒక బ్యాంకులో వచ్చింది. మేనేజరు గదిలో, వచ్చిపోయేవాళ్ల కోసం వేసే ఇనుప గొట్టం కుర్చీలు మీరూ చూసే ఉంటారు. గొట్టం నేల మీద వెనక నుంచి ముందుకు వచ్చి, ముందు కాలుగా పైకి లేచి, మోకాళ్ల దగ్గర వంగి వెనక్కి పోయి సీటును మోస్తుంది. వెనక కాళ్లుండవు. కూర్చుంటే కొంచెం ఊగుతుంది. ఖాతాలో నా పేరు తప్పు పడితే సరిచేయించుకోవడానికి వెళ్లిన నేను, వచ్చిన పని మరిచి ఆ కుర్చీని తలకిందులు చేసి చూస్తుంటే, మేనేజరు కంగారుపడి అటెండరును పిలిచాడు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ శిక్షణ సంస్థల్లో వడ్రంగం నేర్పాను. హుస్నాబాద్ దగ్గరి ఊళ్లో మా బాపు నాగళ్లు, బండ్లు, తలుపులు చేసేవాడు. నేను అదే పనిని బ్లాక్ బోర్డు మీద గీసి చెప్పేవాణ్ణి. సగం సర్వీసు ఆదిలాబాద్ వైపు, మిగతా సగం కరీంనగర్ వైపు గడిచింది. ఇప్పుడు చెప్పబోయేది నా రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు సంగతి. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను తరచూ జిగురు గురించి, మిషన్ల గురించి అడుగుతారు. వాటి గురించి పుస్తకాలున్నాయి. నేను చేసిన తప్పు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, అందుకే రాస్తున్నాను.

ఆ ఏడాది మా సంస్థలో వడ్రంగం ట్రేడు మూసేస్తారన్న మాట గట్టిగా వినిపించింది. పిల్లలంతా ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ వైపు పోతున్నారు. ఇంకా తలుపు చౌకట్లు చేయడం నేర్పుకుంటూ కూర్చుంటే ఎవరు వస్తారని ప్రిన్సిపాల్ నన్నే అడిగాడు. హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి, ఏ ట్రేడు ఉంచాలో ఏది తీసేయాలో చూసి రిపోర్టు రాస్తాడట. ట్రేడు పోతే నాకేమీ కాదు, పర్మినెంటు ఉద్యోగిని కాబట్టి ఇంకో ఊరికి బదిలీ చేస్తారు. పోయేది చాచా ఉద్యోగం.

చాచా మా వర్క్‌షాప్ అటెండరు. కరీంనగర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, తాతల కాలం నుంచీ కుర్చీలు, మంచాలు, పాలిష్ పని చేసిన ఇల్లు. నాకంటే మూడేళ్లు పెద్ద. పేరుకు అటెండరే గానీ పనిలో నాకంటే ఒక ఆకు ఎక్కువే చదివినవాడు. ఏజెన్సీ మీద తీసుకున్న ఉద్యోగం కాబట్టి నెల నెలా ప్రిన్సిపాల్ సంతకం పడితేనే ఆయన ఉంటాడు. ఆ ఇంట్లో వచ్చే జీతం అదొక్కటే. ఇంకో రెండేళ్లు పని చేస్తే చిన్న బిడ్డ నర్సింగు చదువు అయిపోతుందని, ఆ పైన ఇంట్లో కూర్చుంటానని లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. ఆ రెండేళ్లు ఆయనకు దొరకాలన్నది నా పట్టుదల. దానికి నాకు కనిపించిన దారి ఈ కుర్చీ. ఇనుముతో చేసేదాన్ని కట్టెతో చేసి చూపిస్తే, ఈ ట్రేడులో ఇంకా సరుకుందని అధికారే ఒప్పుకుంటాడని అనుకున్నాను.

లక్సెట్టిపేట పోయి, తెలిసిన సా మిల్లులో కూర్చుని, పగుళ్లు లేని పాత టేకు పలకలు నాలుగు ఏరుకొచ్చాను. వారం రోజులు గీసి, చెరిపి, మళ్లీ గీశాను. నేల మీద పరుచుకునే పట్టె, ముందు కాలు, సీటు కింద పట్టె, ఈ మూడూ కలిసి ఒక పక్క. అలాంటివి రెండు పక్కలు, మధ్యలో సీటు పలక, వెనక వీపు. ముందు కాలు సీటు వైపు తిరిగే చోట నేను గుండ్రటి వంపు పెట్టాను, చూడ్డానికి బాగుంటుందని. ఆ వంపును వెడల్పాటి పలకలోంచి రంపంతో కోసి తీయాలి.

డ్రాయింగు చూసి చాచా ఆ వంపు మీద వేలు పెట్టాడు. "ఈడ నార అడ్డం వస్తది సార్," అన్నాడు. కట్టెలో నార పొడవునా నడుస్తుంది. వంపు కోస్తే కొంత దూరం నార అడ్డంగా పడుతుంది, అక్కడ బలం ఉండదు. ఇది మొదటి నెలలో పిల్లలకు నేనే చెప్పే పాఠం. అయినా టేకు గట్టిదనీ, మందం ఎక్కువ పెట్టాననీ చెప్పాను. చాచా సరే సార్ అన్నాడు. రెండోసారి చెప్పలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు కదా, నేను ఇంకోటి తగ్గించి రెండు కాళ్ల దగ్గరే పట్టుబట్టాను.

కుర్చీ అయింది. చాచా ఐదు రోజులు లక్క పాలిష్ రుద్దాడు. దాన్ని చూసిన ప్రతివాడూ ముందు కింద వంగి వెనక కాళ్లెక్కడున్నాయో వెతికేవాడు. నాకు కొంచెం గర్వం ఎక్కిన మాట నిజం. ఇక బలం పరీక్షించాలి. ఇసుక బస్తాలు పెట్టి చూద్దామని ఎవరో అంటే, కుర్చీ మనుషులకు గానీ బస్తాలకు కాదన్నాను. ఇరవై మంది పిల్లలు, పక్క ట్రేడుల ఇన్‌స్ట్రక్టర్లు, ఆఫీసు గుమస్తాలు, అందరినీ పిలిచి కూర్చోబెట్టాను. నా టేబుల్ ఎదురుగానే కుర్చీ వేసి నెల రోజులు ఉంచాను. ఎవరు ఏ పని మీద నా దగ్గరికొచ్చినా అందులోనే కూర్చోమనేవాణ్ణి. ఎవరెవరు కూర్చున్నారో చాక్‌పీసుతో గోడ మీద గీతలు గీశాను. గోడ నిండిపోయింది. కుర్చీ కిర్రుమనను కూడా లేదు.

అధికారి వచ్చిన రోజు వర్క్‌షాప్ ఊడ్చి నీళ్లు చల్లాం. ఆయన భారీ మనిషి, మాట మెత్తన. ట్రేడు గురించి నేను చెప్పేదంతా ఓపిగ్గా విన్నాడు. టీ గ్లాసు చేత్తో పట్టుకొనే కుర్చీ చూసి నవ్వాడు. "బాగున్నదే," అని, వెనక్కి తిరిగి, హాయిగా ఒక్కసారి కూలబడ్డాడు. వీపు ఆనించాడు. కాలు మీద కాలు వేసుకోబోయాడు. ఫట్టుమని చప్పుడైంది. రెండు వంపులూ ఒకేసారి విరిగాయి. ఆయన వెనక్కి, రంపపు పొట్టు బస్తాల మీద పడ్డాడు కాబట్టి తలకు తగల్లేదు. చేతిలోని టీ మాత్రం ఆయన చొక్కా మీదా, పక్కనున్న ప్రిన్సిపాల్ ప్యాంటు మీదా పడింది.

అందరం పరుగెత్తి లేపాం. ప్రిన్సిపాల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన మొదట అన్న మాట, "ఎవలు అతికిచ్చిండ్రు దీన్ని?"

"నేనే సార్. నాదే తప్పు," అన్నాడు చాచా.

నేను అక్కడే ఉన్నాను. విరిగిన ముక్క నా చేతిలోనే ఉంది. విరిగింది జిగురు పెట్టిన చోట కాదు, నేను గీసిన వంపు దగ్గర, చాచా వేలు పెట్టిన చోట. డ్రాయింగు నాదని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నోరు పెగల్లేదని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి పెగల్చలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నిమిషం గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

అధికారి చొక్కా దులుపుకొని, నా చేతిలో ముక్క తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు అర్థమైందో లేదో తెలీదు. ఆదిలాబాద్ వైపు సంస్థలన్నీ చూసుకొని ఇరవై రోజులకు ఇదే దారిన వస్తాననీ, అప్పుడు మళ్లీ కూర్చుంటాననీ, అప్పటిదాకా మా ట్రేడు గురించి ఏమీ రాయననీ చెప్పి వెళ్లిపోయాడు. ఆయన కారు గేటు దాటకముందే ప్రిన్సిపాల్, వచ్చే నెల కాగితం మీద చాచాకు సంతకం పెట్టనని చెప్పేశాడు.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లాక నేను సీటు పలకను బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. నెల రోజులు, ఇంతమంది కూర్చుంటే విరగనిది, ఒక మనిషి కూర్చోగానే ఎందుకు విరిగింది? ఆయన బరువే కారణమా అంటే, మా గుమస్తాల్లో అంత బరువున్నవాళ్లు ఇద్దరున్నారు. కిటికీలోంచి ఎండ పలక మీద ఏటవాలుగా పడుతోంది. అప్పుడు కనిపించింది. సీటు ముందు అంచున నాలుగు వేళ్ల వెడల్పున పాలిష్ అరిగి మాసిపోయింది. దాని వెనకంతా, చాచా రుద్దినది రుద్దినట్టే, ముఖం కనిపించేంత మెరుస్తోంది.

చాచాను పిలిచి చూపించాను. నా కుర్చీలో ఎవరూ వెనక్కి జరిగి కూర్చోలేదా అని అడిగాను.

"మీ ముంగట ఎట్ల కూసుంటరో గట్లనే కూసున్నరు సార్," అన్నాడు. పక్కనున్న స్టూలు లాక్కొని దాని అంచు మీద కూర్చొని చూపించాడు. నడుము నిటారుగా, చేతులు మోకాళ్ల మీద, మడమలు నేలలో దిగబడినట్టు. "సార్ ముంగట ఆనుకొని ఎవలు కూసుంటరు?"

ముందు అంచున కూర్చుంటే బరువంతా ముందు కాళ్ల మీద, తమ పాదాల మీద పడుతుంది. వంపుకు తెలియనే తెలియదు. వెనక్కి జరిగి ఆనుకుంటేనే దాని మీద అసలు భారం. అంటే నెల రోజులు నేను పరీక్షించింది కుర్చీని కాదు, నా ముందు వాళ్లకున్న భయాన్ని. భయం చాలా గట్టిగా ఉందని మాత్రం రుజువైంది.

మా బాపు దొర ఇంటికి తలుపులు చేసి, బిగించి, ఆ తలుపుల బయటే నిలబడి మాట్లాడేవాడు. చిన్నప్పుడు అది చూసి నాకు ఒళ్లు మండేది. నా వర్క్‌షాప్‌లో అలాంటివి లేవని నా నమ్మకం. అందరికీ స్టూళ్లు వేయించాను. అటెండరును పేరు పెట్టి పిలవకుండా చాచా అని వరస కలిపి పిలిచాను. పిలుపులో మర్యాద ఉంటే సరిపోతుందనుకున్నాను. పద్దెనిమిదేళ్లు ఒకే గదిలో పని చేశాం, ఆ మనిషి నా ఎదుట వీపు ఆనించి కూర్చోవడం ఒక్కసారి కూడా చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఆ సాయంత్రం దాకా నాకు తట్టలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, డ్రాయింగు నాదేననీ, చాచా ముందే చెప్పినా నేను వినలేదనీ చెప్పాను.

"గీ మాట నిన్న ఆ సార్ ముంగట చెప్పాలె గద," అన్నాడు ఆయన. అందులో అబద్ధమేమీ లేదు. కాసేపు తిట్టి, చివరికి ఒక మాట ఇచ్చాడు. అధికారి మళ్లీ వచ్చినప్పుడు కుర్చీ నిలబడితే చాచా ఉంటాడు, లేకపోతే ట్రేడూ ఉండదు, చాచా ఉండడు.

ఈసారి డ్రాయింగు మీద చాచా చెప్పింది నేను గీశాను. వంపును పలకలోంచి కోయకూడదు. టేకును పలచటి పట్టీలుగా చీరి, ఒక దాని మీద ఒకటి జిగురుతో పేర్చి, అచ్చు మీద వంచి, ఆరేదాకా బిగించి ఉంచాలి. అలా చేస్తే నార వంపు వెంబడే తిరుగుతుంది, ఎక్కడా అడ్డం పడదు. సా మిల్లు వాళ్లు పట్టీలు చీరి ఇచ్చారు. పాత ద్వారబంధం కోసి అచ్చు చేశాం. వంపు పొడవునా బిగించడానికి సరిపడా క్లాంపులు మా దగ్గర లేవు. చాచా పంక్చరు దుకాణం నుంచి పనికిరాని మోటారుసైకిల్ ట్యూబులు గంపెడు తెచ్చి, నిలువునా చీరి, లాగి లాగి చుట్టాడు. దెబ్బకు కట్టిన పట్టీలా ఉండేది చూడ్డానికి. మొదటి పక్కను నేను ఓపిక పట్టలేక రెండు రోజులకే విప్పితే మెలిక పడింది. ఆ తర్వాత విప్పే పని చాచా తనే చూసుకున్నాడు.

పద్నాలుగో రోజుకు కుర్చీ నిలబడింది. ఈసారి బుద్ధిగా ఇసుక బస్తాలు పెట్టాను. రెండు రోజులు పెట్టి తీస్తే, వేలెడు కిందికి వంగింది మళ్లీ లేచి కూర్చుంది. నేను సంబరపడబోతుంటే చాచా తల అడ్డంగా ఊపాడు.

"బస్త ఊగదు సార్. బస్త కాలు మీద కాలు ఏసుకోదు."

మనిషే కూర్చోవాలి, అదీ ఆనుకొని. పిల్లల్ని పిలిచి ఆనుకోమన్నాను. ఆనుకున్నారు, ఫోటో తీయించుకుంటున్నవాళ్లలా. ఊపిరి బిగబట్టి, కాళ్లు నేలకు తన్నిపెట్టి. నేను కూర్చొని ఊగి చూశాను గానీ నేను బక్కమనిషిని, నా బరువుకు పిచ్చుక కూడా జడవదు. గుమస్తాలిద్దరూ మొదటి కుర్చీ గతి విన్నాక మా వర్క్‌షాప్ గడప తొక్కడం మానేశారు. మిగిలింది చాచా. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, అధికారికి సరిసాటి. కూర్చో చాచా అంటే, పాలిష్ ఆరలేదు సార్ అనేవాడు. మర్నాడు అడిగితే ఇంకో చెయ్యి వేయాలి సార్ అనేవాడు. అలా మూడు రోజులు ఆ కుర్చీకి ఆయన వేసిన పాలిష్ ఇంకే కుర్చీకీ ఎవరూ వేసి ఉండరు.

ఇరవయ్యో రోజు అధికారి చెప్పినట్టే వచ్చాడు. ప్రిన్సిపాల్ తన గదిలో ఆయనకు టీ ఇప్పించి, నన్ను వరండాలోకి పిలిచాడు. బరువున్న మనిషెవరైనా ఆనుకొని కూర్చొని చూశారా లేదా అని అడిగాడు. లేదని చెప్పాను. అయితే పది నిమిషాల్లో చూసి చెప్పమన్నాడు, లేకపోతే అధికారిని అందులో కూర్చోనివ్వనని, కుర్చీ కథ అక్కడితో సరి అని.

వర్క్‌షాప్‌కు పరుగెత్తి పిల్లల్ని బయటికి పంపాను. చాచాను కుర్చీ దగ్గరికి చేయి పట్టుకొని తీసుకొచ్చాను. సంగతి చెప్పాను. కూర్చున్నాడు, అంచు మీద. వెనక్కి జరగమన్నాను. ఒక వేలెడు జరిగాడు. మడమలు చూశాను. బరువంతా వాటి మీదే ఉంది. కాళ్లెత్తమన్నాను, ఎత్తబోయి నా ముఖం చూసి మళ్లీ దించాడు. నాకు మొదటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆనుకోమని అరిచాను. నేను అరిచేసరికి ఆయన వెన్ను ఇంకా నిటారయింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. పద్దెనిమిదేళ్ల అలవాటును పది నిమిషాల్లో ఆర్డరు వేసి తీసేయలేనని నాకు అర్థమైంది. ఆయన ఉద్యోగం ఆయన వీపుకూ ఆ కుర్చీ వీపుకూ మధ్యనున్న జానెడు దూరంలో ఉంది, ఆ జానెడూ ఆయన చేత కావట్లేదు.

చాచా తల దించుకొని మెల్లగా అన్నాడు. "సార్, ఏమనుకోకుండ్రి. మీరు జర బైటికి పోండ్రి."

"పోతే?"

"పోతే కూసుంట."

నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

వరండాలో నిలబడితే లోపల నుంచి ఏ చప్పుడూ లేదు. పది నిమిషాలు ఇంకా కాకముందే అధికారి, ప్రిన్సిపాల్ మాట్లాడుకుంటూ వచ్చారు. ప్రిన్సిపాల్ తలుపు తోయబోతే నేను అడ్డం నిలబడ్డాను. నా సర్వీసులో పై అధికారికి అడ్డం నిలబడింది అదొక్కసారే.

"ఏమైంది? లోపట ఎవలున్నరు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"చాచా కూసున్నడు సార్. జర ఆగాలె," అన్నాను.

అటెండరు కూర్చున్నాడని హైదరాబాదు అధికారిని గుమ్మం బయట ఆపుతున్నానని అర్థం కావడానికి ప్రిన్సిపాల్‌కు కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన రంగు మారింది. ఏదో అనబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపాడు. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, వాచీ చూసుకొని, చేతులు వెనక్కి కట్టుకొని గోడ పక్కకు జరిగాడు. అప్పుడు లోపల కిర్రుమంది. కట్టె విరిగే చప్పుడు కాదు, బరువు తీసుకునే చప్పుడు. ముప్పై ఏళ్లుగా వింటున్నాను, తేడా తెలుస్తుంది. ఒకసారి, కొంచెం ఆగి ఇంకోసారి, తర్వాత వరసగా.

"ఊగుతుండా?" అని అడిగాడు అధికారి, గొంతు తగ్గించి.

"ఊగుతుండు సార్."

తర్వాత అధికారి ఆ కుర్చీలో కూర్చున్నాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు, కుర్చీకి ఏమీ కాలేదు. మొదటిసారి విరిగింది నా డ్రాయింగు వల్లేనని ఈసారి ఆయన ముందే చెప్పాను. మా ట్రేడు ఇంకో రెండేళ్లు నడిచింది. చాచా ఆ రెండేళ్లూ పని చేసి, తను అనుకున్నట్టే ఇంటికి వెళ్లాడు. ఆ పైన ట్రేడు మూతపడింది, ఆ గదిలో ఇప్పుడు కంప్యూటర్లున్నాయని విన్నాను. చివరి రోజు దాకా చాచా నా ముందు స్టూలు అంచు మీదే కూర్చున్నాడు. నేను రోజుకోసారి ఏదో వంకతో గదిలోంచి బయటికి పోవడం అలవాటు చేసుకున్నాను.

అవన్నీ ఆ తలుపు తెరుచుకున్నాక జరిగినవి. ఆ రోజు అది వెంటనే తెరుచుకోలేదు. పరీక్షకైతే రెండు నిమిషాలు చాలు. చాచా తీరిగ్గా కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ రెండుసార్లు దగ్గాడు, నేను తలుపు మీద నుంచి చెయ్యి తీయలేదు. లోపల కుర్చీ ఊగుతూనే ఉంది. చాచా కూర్చొని లేచేదాకా మేం ముగ్గురం బయట నిలబడే ఉన్నాం.